తుపాను నష్టం ఎవరి లెక్కలో ఎంత?

2024 ఆగస్టు నెలాఖరు వానలకు బుడమేరుకు గండ్లు పడి, సెప్టెంబరు 1 నుంచి విజయవాడలో పెద్ద భాగం రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. ఆ వరదలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేంద్రానికి పంపిన ప్రాథమిక అంచనా సుమారు 6,880 కోట్ల రూపాయలు. అక్టోబరు 1న కేంద్రం పద్నాలుగు రాష్ట్రాలకు కలిపి 5,858.60 కోట్లు విడుదల చేసింది. అందులో ఆంధ్రకు 1,036 కోట్లు, తెలంగాణకు 416.80 కోట్లు వచ్చాయి. తర్వాత 2025 ఫిబ్రవరిలో ఆంధ్రకు మరో 608.08 కోట్లు, తెలంగాణకు 231.75 కోట్లు మంజూరయ్యాయి. అడిగింది కొండంత, ఇచ్చింది గోరంత అని ప్రతి విపత్తు తర్వాతా టీవీల్లో గొడవ జరుగుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ వాళ్ల వాదన మారుతుందే తప్ప గొడవ మారదు.

ఈ రెండు అంకెలూ ఒకే నష్టానికి సంబంధించినవి అనుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది. రాష్ట్రం పంపే మెమొరాండంలో కొట్టుకుపోయిన రోడ్డును మళ్లీ వేయడానికి ఎంత ఖర్చవుతుందో అదంతా ఉంటుంది. కేంద్ర బృందం వచ్చి చూసి వేసేది వేరే లెక్క. హోం శాఖ ఖరారు చేసిన రేట్ల పట్టిక ఒకటి ఉంటుంది. దాని ప్రకారం ఈ నష్టంలో ఎంతకు సాయం ఇవ్వొచ్చు అన్నదే వాళ్లు చూసేది. అలా తేలిన మొత్తంలోంచి కూడా, ఆ ఏడాది మొదట్లో రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో ఉన్న నిల్వలో సగం తీసేసి, మిగిలింది జాతీయ విపత్తు స్పందన నిధి (ఎన్‌డీఆర్‌ఎఫ్) నుంచి ఇస్తారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ అనగానే పడవల్లో వచ్చే నారింజ దుస్తుల దళం గుర్తొస్తుంది గానీ, అవే పొడి అక్షరాలతో ఈ నిధి కూడా ఉంది. ముందు జాగ్రత్తగా డబ్బు ఖర్చు పెట్టకుండా నిల్వ ఉంచుకున్న రాష్ట్రానికి కోత ఎక్కువ పడుతుంది. ఇందులో తర్కం లేకపోలేదు, కానీ పొదుపుకు శిక్షలా కనిపిస్తుంది.

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. పడిపోయిన ఇల్లూ నష్టమే, పని లేక పోగొట్టుకున్న నెల కూలీ కూడా నష్టమే. విపత్తుల లెక్కలు వేసేవాళ్లు ఈ రెంటినీ విడదీస్తారు. ధ్వంసమైన ఆస్తి విలువ ఒకటి, ఆ ఆస్తి పోయినందువల్ల రాబోయే రోజుల్లో తగ్గే ఆదాయం ఇంకొకటి. మొదటిది ఫొటోలో పడుతుంది. రెండోది పడదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి తోటల్ని నేలమట్టం చేసింది. అక్కడ రెండో రకం నష్టం ఎంతో చూడండి. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, నిండు కాపుకు ఇంకా ఎక్కువ. ఎకరాకు 60 నుంచి 70 చెట్లు ఉంటాయి. 2022-26 కాలానికి ఉన్న కేంద్ర నిబంధనల్లో తోట పంటలకు హెక్టారుకు 22,500 రూపాయలు, అంటే ఎకరాకు దాదాపు 9,100. చెట్ల మీద పంచితే ఒక్కో చెట్టుకు 140 రూపాయలు పడుతుంది. పడిన మొద్దును కోసి గట్టు మీదికి లాగించడానికే అది చాలదు. ఇక ఏడేళ్ల కాయల సంగతి సరే సరి. రాష్ట్రాలు తమ ఖజానా నుంచి పైన కలిపిన సందర్భాలున్నాయి. కానీ జాతీయ పట్టికలో కొబ్బరి చెట్టు విలువ అంతే.

ఒక ఎకరం వరి లెక్క

డెల్టాలో ఎకరాకు 30 బస్తాల దిగుబడి అనుకుందాం. బస్తా 75 కిలోలు. మొత్తం ఇరవై రెండున్నర క్వింటాళ్లు. 2025-26 సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయలు. చేతికి రావలసింది సుమారు 53,300. పంట పూర్తిగా పోతే 2022-26 కేంద్ర నిబంధన ప్రకారం నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు 17,000 ఇస్తారు, అంటే ఎకరాకు 6,880. పంట విలువలో పదమూడు శాతం. 2024 వరదలకు ఆంధ్ర ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000 ప్రకటించింది. అలా లెక్కేసినా ఎకరాకు పదివేలు, పందొమ్మిది శాతం.

దీని పేరే ఇన్‌పుట్ సబ్సిడీ. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కోవడానికి చేయూత అని అర్థం. పరిహారం అని ఎక్కడా రాయలేదు. పేపర్లు, నాయకులు, రైతులు అందరూ పరిహారం అనే అంటారు కాబట్టి, వచ్చాక చూసుకుంటే మోసపోయినట్టు ఉంటుంది. షరతులు మూడు. పంట 33 శాతం లేదా అంతకుమించి పోవాలి. 2015కు ముందు ఇది 50 శాతంగా ఉండేది. రెండు హెక్టార్ల వరకే ఇస్తారు. పంట ప్రభుత్వ రికార్డులో నమోదై ఉండాలి. వర్షాధార పొలాలకు రేటు హెక్టారుకు 8,500 మాత్రమే. 2015 నిబంధనల్లో ఈ రేట్లు వర్షాధార పొలానికి 6,800, నీటి వసతి ఉన్నదానికి 13,500, తోటలకు 18,000 ఉండేవి. ఏడేళ్లకు ఒకసారి, పావు వంతు చొప్పున పెంచారు. ఈ మధ్యలో కోత మిషను అద్దె, కూలి రేట్లు ఎక్కడికి పోయాయో పొలం చేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. కేంద్రం, రాష్ట్రాల మధ్య నిధుల పంపకం తేల్చేది ఆర్థిక సంఘం. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. కొత్త పట్టికలో ముందు చూసుకోవలసింది ఈ మూడు అంకెలే.

ఇసుక మేట వేసిన పొలానికి వేరే పద్దు ఉంది. మూడు అంగుళాలకు మించి మేట ఉంటే తొలగించడానికి హెక్టారుకు 18,000. ఏరు దారి మార్చి భూమే కొట్టుకుపోతే 47,000. ఈ రెండూ పంట నష్టంతో కలిపి రాయకుండా విడిగా రాయించుకోవాలి. చాలాచోట్ల సర్వే కాగితంలో పంట గడి ఒక్కటే నింపి వదిలేస్తారు.

నష్టం నమోదు (ఎన్యూమరేషన్) ఎక్కడ తప్పుతుంది

తుపాను వెళ్లిన మూడో రోజు గ్రామ వ్యవసాయ సహాయకుడు పొలానికి వస్తే నీళ్లు ఇంకా చేలోనే ఉంటాయి. వరి పడి ఉంటుంది, కంకి పచ్చగానే కనిపిస్తుంది. అప్పుడు 20 శాతం అని రాస్తే అబద్ధం కాదు. కానీ గింజ మొలకెత్తడం మూడు నాలుగు రోజుల తర్వాత మొదలవుతుంది, రంగు మారడం ఇంకా తర్వాత. పదిహేనో రోజు వస్తే రైతు అప్పటికే ఉన్నకాడికి కోయించి, రెండో పంటకు దమ్ము మొదలుపెట్టి ఉంటాడు. చూపించడానికి చేను ఉండదు. 33 శాతం గీత ఒక్కటే గీసి, ఎన్నో రోజున కొలవాలో పంట దశను బట్టి చెప్పకపోవడం ఈ పద్ధతిలో ఉన్న అసలు లోపం. ఈనిక దశలో గాలివాన కొడితే పుప్పొడి రాలి తాలు గింజలు వస్తాయి. అది మూడు వారాలకు గానీ తెలియదు. పాలు పోసుకునే దశలో పడితే గింజ నిండదు. గట్టి గింజ దశలో పడితే నష్టం బస్తాల్లో కంటే నాణ్యతలో ఎక్కువ. మూడింటికీ ఒకే రోజు, ఒకే కంటి చూపు సరిపోదు.

నాణ్యత నష్టం పట్టికలోకే రాదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. దెబ్బతిన్న, రంగు మారిన, మొలకెత్తిన, పురుగు తిన్న గింజలు కలిపి 5 శాతం దాటకూడదు. తుపాను తడిసిన ధాన్యం ఈ రెండు గీతలూ దాటుతుంది. పరిమితులు సడలించమని రాష్ట్రం కేంద్రాన్ని అడుగుతుంది, బృందం వచ్చి శాంపిళ్లు తీసుకుంటుంది, ఉత్తర్వు వచ్చేసరికి చిన్న రైతు బయట వ్యాపారికి తెగనమ్మేసి ఉంటాడు. ఆ తేడా ఏ నివేదికలోనూ ఉండదు.

తర్వాత కౌలు రైతు. 2019 ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం పదకొండు నెలలకు ఇస్తారు, దానికి భూ యజమాని ఒప్పుకోవాలి. ఒప్పుకోని చోట ఈ-పంటలో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, యజమాని పేరే పడుతుంది, సబ్సిడీ ఆయన ఖాతాకే వెళ్తుంది. మక్తా (కౌలు) బస్తాలు మాత్రం ముందు మాట్లాడుకున్నన్ని కొలవాలి. అంటే నష్టం ఒకరిది, లెక్కలో నష్టపోయినవాడు ఇంకొకడు. డెల్టా ఊళ్లలో చేలు దున్నేవాళ్లలో ఎక్కువమంది కౌలుదార్లే అన్నది గుర్తుంచుకుంటే, జిల్లాల వారీగా వచ్చే 'బాధిత రైతులు' అన్న అంకెను ఎలా చదవాలో తెలుస్తుంది.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పంట వేసిన నెలలోనే ఈ-పంట నమోదు, వేలిముద్రతో ఈ-కేవైసీ పూర్తయ్యాయో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోవాలి. తుపాను వచ్చాక చూసుకుంటే లాభం లేదు. ముంపు ఉన్న రోజునే చేను ఫొటో తీయాలి. వరి ఒక్కటే కనిపిస్తే ఏ ఊరి చేనో ఎవరికి తెలుస్తుంది? కరెంటు స్తంభం నంబరో, బోదె తూమో, గుడో ఫ్రేములో పడాలి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఉండాలి. బాధితుల జాబితా సోషల్ ఆడిట్ కోసం రైతు సేవా కేంద్రంలో అతికిస్తారు. అభ్యంతరానికి కొద్ది రోజులే ఉంటాయి. పేరు లేకపోతే సర్వే నంబరు, విస్తీర్ణం రాసి ఆ గడువులోనే రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. పేరుండీ డబ్బు పడకపోతే, చాలాసార్లు కారణం ఖాతాకు ఆధార్ అనుసంధానం తెగిపోవడం. అది బ్యాంకులో సరిచేసుకోవలసిన పని. ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి ప్రయోజనం లేదు.

పడిన చేనును కొంతైనా దక్కించుకునే పద్ధతి వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రతి తుపానుకూ చెప్తూనే ఉంటారు, అయినా రైతులు ఆలస్యంగా చేస్తారు. ముందు గట్లకు గండ్లు కొట్టి నీళ్లు తీసేయాలి. పడిన కుదుళ్లను నాలుగైదు కలిపి జడలా కట్టి నిలబెట్టాలి. కంకులు నీటికి, నేలకు తగలకుండా ఉంటే మొలక సగం ఆగుతుంది. వాన తెరిపి ఇవ్వగానే 5 శాతం ఉప్పు ద్రావణం, అంటే లీటరు నీటికి 50 గ్రాముల కళ్లుప్పు, కంకులు పూర్తిగా తడిసేలా కొట్టాలి. ఎకరాకు 200 లీటర్లు పడుతుంది కాబట్టి ఉప్పు పది కిలోలు. కోసి పనల మీద ఉన్న వరికీ ఇదే మందు, పనల్ని తిరగేసి రెండో వైపు కూడా కొట్టాలి. ఉప్పు మొలకను ఆపుతుంది గానీ అప్పటికే మొదలైన మొలకను వెనక్కి తీసుకుపోదు. నాలుగో రోజు కొట్టి పనిచేయలేదనుకుంటే తప్పు ఉప్పుది కాదు.

బీమాలో దాగి ఉన్న మెలిక

బీమా ఉంటే ఇదంతా ఎందుకు అనొచ్చు. ఫసల్ బీమాలో ఖరీఫ్ ఆహార పంటకు రైతు కట్టేది బీమా మొత్తంలో 2 శాతం, రబీకి ఒకటిన్నర, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5. మిగతా ప్రీమియం ప్రభుత్వాలది. కానీ క్లెయిము ఒక్కొక్కరి చేనును బట్టి రాదు, ఊరి సగటు దిగుబడిని బట్టి వస్తుంది. లెక్క ఇలా ఉంటుంది. గత ఏడేళ్ల ఊరి దిగుబడుల్లో మంచివి ఐదు తీసుకుని సగటు కడతారు. దాన్ని 70, 80, 90 శాతాల్లో ఆ జిల్లాకు, ఆ పంటకు ప్రకటించిన దానితో గుణిస్తారు. అదే హామీ దిగుబడి.

ఏడేళ్ల దిగుబడి ఎకరాకు క్వింటాళ్లలో 24, 22, 25, 12, 23, 15, 26 అనుకోండి. మంచి ఐదింటి సగటు 24. ఎనభై శాతం అంటే 19.2. ఈ ఏడు పంట కోత ప్రయోగాల్లో ఊరి సగటు 16 వస్తే లోటు 3.2, అంటే 16.7 శాతం. బీమా మొత్తం ఎకరాకు 40,000 అయితే వచ్చేది 6,670 రూపాయలు. ఊరి సగటు 20 వస్తే సున్నా, నీ చేను మొత్తం పోయినా సరే. పల్లంలో ఉన్న చేను మునిగి మెరకలో ఉన్న చేలు బాగా పండే ఊళ్లలో ఇదే జరుగుతుంది.

అసలు మెలిక వేరే ఉంది. ఏడేళ్లలో రెండు చెడ్డ ఏళ్లను ఈ సూత్రం వదిలేస్తుంది, మంచిదే. మూడో చెడ్డ ఏడాది వస్తే? పై లెక్కలో 22 స్థానంలో 14 పెట్టండి. మంచి ఐదింటి సగటు 22.6కు పడుతుంది, హామీ దిగుబడి 18.08కి దిగుతుంది. ఈ ఏడు అదే 16 క్వింటాళ్లు పండితే లోటు 11.5 శాతమే, వచ్చేది 4,600. విపత్తులు ఎంత తరచుగా వస్తే హామీ అంత తగ్గుతుంది. వాతావరణం నిలకడగా ఉన్న రోజుల్లో రాసుకున్న సూత్రం ఇది. వాతావరణం మారుతున్న కొద్దీ, ఎవరూ ఏ నిబంధనా మార్చకుండానే, రైతుకిచ్చిన మాట కుదించుకుపోతూ ఉంటుంది. వాతావరణ మార్పుకు సర్దుబాటు గురించి ఢిల్లీలో ఎన్ని సదస్సులు జరిగినా, ఈ ఒక్క సూత్రాన్ని పట్టించుకోకపోవడం నాకు వింతగా ఉంటుంది.

వరికి ఇంకో అన్యాయం జరిగింది. ఊరి సగటుతో పనిలేకుండా చేనును బట్టి ఇచ్చే 'స్థానిక విపత్తు' జాబితాలోంచి వరి ముంపును 2018లో తీసేశారు. వరి ఎలాగూ నీళ్లలో పెరిగేదే, ముంపు నష్టాన్ని తేల్చడం కష్టం, దుర్వినియోగం అవుతుంది అన్నవి అప్పటి వాదనలు. 2026 ఖరీఫ్ నుంచి మళ్లీ చేరుస్తున్నట్టు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. వడగళ్లు, ముంపు లాంటివాటికి, కోశాక పద్నాలుగు రోజుల లోపు పనల మీద తడిసినదానికి, 72 గంటల్లో సమాచారం ఇవ్వాలి. పంట బీమా యాప్‌లోనో, 14447 నంబరుకో చెప్పొచ్చు. కుప్ప వేసిన వరికి, కళ్లంలో రాశి పోసిన ధాన్యానికి ఇది వర్తించదు. కరెంటు, సిగ్నల్ లేని ఊరికి 72 గంటలు అంటే ఎంత చిన్న సమయమో తుపాను చూసినవాళ్లకు తెలుసు. కాబట్టి బీమా రసీదు నంబరు ఫోన్లో ఒకటే ఉంచక, కాగితం మీద రాసి ఊరి బయట ఉన్న బంధువులకు కూడా ఇచ్చి ఉంచితే, వాళ్లు అక్కడి నుంచి ఫోన్ చేయగలరు.

పట్టికలో లేని ఎండ

జాతీయ విపత్తుల జాబితాలో 2021-26 కాలానికి పన్నెండు ఉన్నాయి. చలిగాలి ఉంది, వడగాలి లేదు. పిడుగూ లేదు. రాష్ట్రాలు తమ నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఆ దారిలోనే తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మృతుల కుటుంబానికి 4 లక్షలు అన్నది. కానీ ఎండ నష్టంలో చావులు చిన్న భాగం. మధ్యాహ్నం పని ఆపేసిన మేస్త్రీ, సగం దినం కూలి పోయిన ఆడకూలీ, గుడ్లు తగ్గిన కోళ్ల ఫారం, ఇవన్నీ కలిపితేనే అసలు మొత్తం. భారతదేశంలో 1995లో వేడి వల్ల 4.3 శాతం పని గంటలు పోయాయని, 2030 నాటికి అది 5.8 శాతానికి, అంటే 3.4 కోట్ల పూర్తికాల ఉద్యోగాలకు సమానం అవుతుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది. ఇది ఏ మెమొరాండంలోనూ రాయడానికి గడి లేదు.

డబ్బు ఏ పద్దులో ఉంది

15వ ఆర్థిక సంఘం 2021-26కు రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్లు పెట్టింది. కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రాలది 25. కొండ రాష్ట్రాలకు 90, 10. ఇందులో 80 శాతం స్పందనకు, 20 శాతం, అంటే 32,031 కోట్లు, ముందే నష్టం తగ్గించే పనులకు. ఆ 80 లోపల కూడా సహాయానికి 40, పునర్నిర్మాణానికి 30, సన్నద్ధతకు 10 అని విడదీశారు. దేశంలో మొదటిసారి 'ముందు జాగ్రత్త'కు ఒక ప్రత్యేక పద్దు వచ్చింది. ఇది నిజంగా మంచి మార్పు. దీని గురించి మన పేపర్లలో దాదాపు ఏమీ రాలేదు.

కేంద్రం మాటల్లో వాతావరణ మార్పుకు సర్దుబాటు ఖర్చు 2015-16లో జీడీపీలో 3.7 శాతం, 2021-22లో 5.6 శాతం. ఈ అంకె వినడానికి ఘనంగా ఉంది. అయితే పేదరికం, ఆరోగ్యం, సాగునీరు పథకాల్ని సర్దుబాటు కింద లెక్కిస్తే ఎంతైనా చూపించొచ్చు. నా దృష్టిలో ఒక పని సర్దుబాటు అవునా కాదా అనడానికి పరీక్ష ఒకటే: వచ్చే తుపానుకు పోయేది దీనివల్ల తగ్గుతుందా? హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను కొట్టినప్పుడు రాష్ట్రం వేసిన నష్టం అంచనా సుమారు 21,900 కోట్లు, ప్రధాని ప్రకటించిన తక్షణ సాయం 1,000 కోట్లు. తర్వాత ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల అప్పుతో వచ్చిన పథకంలో నగరంలో కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని చేపట్టారు. స్తంభాల్ని మళ్లీ అలాగే పాతేస్తే అది సహాయం. తీగను భూమిలో వేస్తే అది సర్దుబాటు. ఖర్చు కొన్ని రెట్లు, కానీ రెండోసారి పడేది ఉండదు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనకు పదివేలమంది పోయారు. ఇప్పుడు అంతటి గాలి వచ్చినా చావులు పదుల్లో ఉంటున్నాయి. హెచ్చరిక, తుపాను షెల్టరు, ఊళ్లు ఖాళీ చేయించడం పనిచేశాయి. మనిషిని షెల్టరుకు తీసుకెళ్లొచ్చు. చేనును తీసుకెళ్లలేం.

చేనుకు ఉన్నవి రెండే దారులు, నీరు త్వరగా పోవడం, పంట ముందే కోతకు రావడం. మొదటిది లెక్క వేసి చూద్దాం. 20 సెంటీమీటర్ల వాన అంటే ఎకరాకు 8 లక్షల లీటర్లు. వెయ్యి ఎకరాల ఆయకట్టు నుంచి ఆ నీరు మూడు రోజుల్లో పోవాలంటే డ్రెయిను ఏకధాటిగా 110 క్యూసెక్కులు లాగాలి. గుర్రపుడెక్క, తూడు, పూడిక కలిసి సామర్థ్యం సగానికి పడితే ఆరు రోజులు. గట్టి గింజ దశలో ఉన్న వరికి మూడు రోజులకూ ఆరు రోజులకూ ఉన్న తేడా అంటే పంటకూ మొలకకూ ఉన్న తేడా. కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సమస్య కొత్తగా కనిపెట్టింది కాదు. 1960ల్లోనే మిత్రా కమిటీ చూసింది, 1968లో డ్రైనేజీ సెస్సు చట్టమే చేశారు. కొల్లేరులోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి పడతాయి, బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. ఆ దారి ఇరుకైతే పైన ఎన్ని గట్లు కట్టినా నీళ్లు ఎక్కడికి పోతాయి? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు అడిగినవాటిలో డ్రెయిన్ల బాగు కూడా ఉంది.

రెండోది క్యాలెండరు. 145 రోజుల స్వర్ణ లాంటి రకాన్ని జులై 10న నారు పోస్తే డిసెంబరు 2కు కోతకొస్తుంది. మిచౌంగ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. జూన్ 10న పోస్తే నవంబరు 2. 120 రోజుల రకమైతే అక్టోబరు 8. 2025 అక్టోబరు 28న మొంథా వచ్చినప్పుడు 145 రోజుల రకం ముందే వేసినా తప్పించుకోలేదు, 120 రోజులది మాత్రం ఇంటికి చేరి ఉండేది. అయితే స్వల్పకాలికానికి దిగుబడి కొంత తక్కువ, అక్టోబరు కోతకు నేల ఆరదు, టైరు మిషను దిగబడుతుంది, చైను మిషను గంటకు ఎక్కువ అద్దె అడుగుతుంది. ఇవన్నీ బేరీజు వేసుకునే రైతు పాత రకం వదలడు. రకం మార్చమని చెప్పేవాళ్లు ఊరికి రెండు చైను మిషన్లు, ఒక ధాన్యం డ్రైయరు కూడా ఇచ్చి చెప్తే వింటాడు.

క్యాలెండరు ముందుకు జరగాలంటే కాలువకు నీళ్లు ముందే రావాలి. 2022లో గోదావరి డెల్టాకు జూన్ 1నే వదిలారు. అక్కడ ఈ రెండు దారులూ ఒకదానికొకటి అడ్డొస్తాయి. దాళ్వాకు (రబీ వరికి) నీళ్లు ఏప్రిల్ సగం దాకా కావాలి, సార్వాకు (ఖరీఫ్ వరికి) జూన్ 1న మళ్లీ వదలాలి. మధ్యలో కాలువలు, డ్రెయిన్లు ఎండి, పొక్లెయిను దిగే రోజులు ఆరు వారాలు. ఆ ఆరు వారాల్లో పని జరగాలంటే టెండరు మార్చిలో ఖాయమై ఉండాలి. మార్చి 31న పాత బడ్జెట్ మురిగిపోతుంది, కొత్త బడ్జెట్ విడుదల ఉత్తర్వు కింది ఇంజనీరు దాకా చేరేసరికి మే వెళ్లిపోతుంది. పని జులైలో, నీళ్లున్న డ్రెయిన్లో, పైపైన గుర్రపుడెక్క తీసినట్టు జరుగుతుంది. అక్టోబరుకు అది మళ్లీ పెరుగుతుంది. బిల్లులో మాత్రం పూడిక ఘనపు మీటర్లలో రాసి ఉంటుంది.

ముందు జాగ్రత్త పద్దులోని డబ్బును ఏప్రిల్ 1కి ముందే డ్రెయిన్ల పనికి కట్టబెట్టి, సంవత్సరం మారినా మురిగిపోకుండా కొనసాగించే ఏర్పాటు ఉంటే ఆ ఆరు వారాలు చేతికొస్తాయి. ఊళ్లో ఉన్నవాళ్లు చూడవలసింది కూడా ఈ తేదీలే. మే 10 నాటికి మీ డ్రెయినులో యంత్రం దిగిందా, తవ్విన మట్టి గట్టు అంచునే పోసి తొలి వానకు మళ్లీ జారిపడేలా వదిలారా, తూము అడుగు కంటే డ్రెయిను అడుగు కిందికి వచ్చిందా. మూడోది ఒక పొడుగాటి వెదురు గడతో ఎవరైనా కొలవొచ్చు.